పరాయి యుద్ధాల బరువు: తెలంగాణ శాసనసభకు బీబీపేట నుంచి బహిరంగ లేఖ

బీబీపేట,
కామారెడ్డి జిల్లా.

తెలంగాణ రాష్ట్ర శాసనసభ గౌరవ సభాపతికి, గౌరవ సభ్యులకు,

విషయం: యుద్ధాన్ని నైతిక కారణాలతో నిరాకరిస్తూ సభ తీర్మానం చేయాలని, యుద్ధం నడుస్తున్న ప్రాంతాలకు రాష్ట్ర సంస్థల ద్వారా కార్మికులను పంపడం నిలిపివేయాలని కోరుతూ.

యుద్ధాన్ని గురించి మాట్లాడే అర్హత కేంద్ర ప్రభుత్వానికి, సైన్యాధిపతులకు, విదేశాంగ నిపుణులకు మాత్రమే ఉన్నదని, ఒక రాష్ట్ర శాసనసభకు గాని, ఒక మండల కేంద్రంలోని పౌరులకు గాని ఆ విషయంతో పని లేదని ఒక అభిప్రాయం సమాజంలో స్థిరపడింది. ఈ అభిప్రాయం సరికాదని, యుద్ధం ఎక్కడ జరిగినా దాని బరువులో కొంత భాగం కామారెడ్డి జిల్లా పల్లెల మీద పడుతున్నదని, మోసేవారిని అడగకుండా ఆ బరువును వారిపై మోపడమే యుద్ధంలోని మూల అధర్మమని నిరూపించి, ఆ అధర్మంలో రాష్ట్రం పాలుపంచుకోకుండా సభ తీసుకోదగిన చర్యలను విన్నవించడం ఈ లేఖ ఉద్దేశం.

ఒక పని తగినదా కాదా అని కారణాలతో విచారించే నీతిశాస్త్రంలో, హాని విషయమై ప్రధానంగా రెండు ప్రశ్నలు వస్తాయి: ఆ హానిని తలపెట్టినది ఎవరు, దానిని అనుభవించేది ఎవరు. ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే వ్యక్తి అయినప్పుడు అది సాహసమో త్యాగమో అవుతుంది. సమాధానాలు వేరైనప్పుడు, అనుభవించేవారి సమ్మతి లేనప్పుడు, దానిని అన్యాయమనక తప్పదు. యుద్ధాన్ని నిర్ణయించేవారు రాజధానులలో కొద్దిమంది ఉంటారు; దాని ఫలితాన్ని అనుభవించేవారిలో సైనికులు, సరిహద్దు గ్రామాల ప్రజలు, పిల్లలు, ముసలివారు, పొట్టకూటికై ఆ దేశానికి వచ్చిన పరాయి కూలీలు ఉంటారు. వీరిలో ఎవరికీ ఆ నిర్ణయంలో మాట ఉండదు, ఒకసారి యుద్ధం మొదలయ్యాక దానిని ఆపే శక్తి అంతకన్నా ఉండదు. యుద్ధానికి చెప్పే కారణం ఎంత గొప్పదైనా, ఈ లోపం ఆ కారణంతో పూడిపోదు.

ఈ విచారణ తెలుగు నేలకు కొత్తది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద మౌర్య చక్రవర్తి అశోకుడు చెక్కించిన శాసనాలలో పదమూడవది కళింగ యుద్ధాన్ని ప్రస్తావిస్తుంది. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో జరిగిన ఆ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మంది బందీలుగా తరలిపోయారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఇతర కారణాలతో మరణించారని గెలిచిన రాజే అందులో ఒప్పుకున్నాడు. లెక్కల కంటే విలువైన మాట మరొకటి అదే శాసనంలో ఉన్నది: స్వయంగా గాయపడనివారు సైతం, తమకు ప్రియమైన మిత్రులకు, పరిచితులకు, బంధువులకు ఆపద కలిగినందువల్ల ఆ హానిని తామూ అనుభవిస్తారని, అందరి పాలిటా పడే ఈ దుఃఖం తనకు భారంగా తోచిందని ఆ రాజు చెప్పుకున్నాడు. యుద్ధభూమికి ఎంతో దూరాన ఉన్న ఇంటిని కూడా యుద్ధ బాధితుల జాబితాలో చేర్చిన ఈ గ్రహింపు ఇరవై రెండు శతాబ్దాల తర్వాత కూడా ఏ ప్రభుత్వ లెక్కలలోనూ పూర్తిగా చోటు సంపాదించలేదు.

ఆ శాసనంలోని పరిమితిని కూడా గుర్తించాలి. పశ్చాత్తాపం చెందిన అశోకుడు కళింగను తిరిగి ఇచ్చివేయలేదు, చనిపోయినవారు తిరిగి రాలేదు, పైగా ఆ శాసనం కళింగలోని ధౌలి, జౌగడ బండల మీద కనిపించదు. అంటే ఎవరికి జరిగిన అన్యాయానికి రాజు దుఃఖించాడో వారి ఎదుట ఆ దుఃఖం ప్రకటితం కాలేదు. యుద్ధం ముగిసిన తర్వాత కలిగే పశ్చాత్తాపం గెలిచినవాడి మనసును శుద్ధి చేస్తుందేమో గాని బాధితుడికి ఏమీ ఇవ్వదు కాబట్టి, యుద్ధం మీద నైతిక నిర్ణయం అది మొదలు కాకముందే జరగవలసి ఉంటుంది.

ఇక ఎర్రగుడి శాసనం చెప్పిన దూరపు బాధితులు బీబీపేటలో ఎలా ఏర్పడుతున్నారో చూడాలి. 2016 అక్టోబరులో నిజామాబాద్ నుంచి కామారెడ్డి జిల్లా వేరుపడినప్పుడు దోమకొండ మండలం నుంచి విడివడి మండల కేంద్రమైన ఈ ఊరు, చుట్టుపక్కల పల్లెల వలెనే, బోరుబావుల వ్యవసాయం మీద, ఆడవారు చుట్టే బీడీల మీద, మగవారు గల్ఫ్ నుంచి పంపే సొమ్ము మీద ఆధారపడి బతుకుతున్నది. బోర్లు ఎండిపోయి, అప్పుల మిత్తి పెరిగి, బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో వాడుకగా చెప్పుకునే మూడు దారులలో చివరిదాన్ని పట్టినవారు ఉత్తర తెలంగాణ జిల్లాలలో దాదాపు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. పశ్చిమాసియాలో ఏ రెండు రాజ్యాలు తలపడినా ఆ వార్త ఇక్కడ అంతర్జాతీయ వార్తగా కాక ఇంటి వార్తగా చేరుతుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి భారతీయులు ఉపాధిని, బకాయి జీతాలను, దాచుకున్న సొమ్మును వదిలిపెట్టి జోర్డాన్ దారి పట్టవలసి వచ్చింది. దాదాపు 1,70,000 మందిని ప్రభుత్వం విమానాలలో స్వదేశానికి చేర్చిన ఆ ఘట్టం దేశ సామర్థ్యానికి గుర్తుగా నేటికీ కీర్తి పొందుతున్నది గాని, ఖాళీ చేతులతో దిగినవారి అప్పులు ఎలా తీరాయన్న ప్రశ్నకు ఆ కీర్తిలో చోటు దొరకలేదు. అయితే ఆ యుద్ధం ఒక మంచి పూర్వ నిదర్శనాన్ని కూడా మిగిల్చింది. ఐక్యరాజ్యసమితి 1991లో ఏర్పాటు చేసిన పరిహార కమిషన్, కువైట్‌ను, ఇరాక్‌ను విడిచిపోవలసి వచ్చిన విదేశీ కార్మికులను యుద్ధ బాధితులుగా పరిగణించి, ఇరాక్ చమురు ఆదాయం నుంచి వారికి పరిహారం చెల్లించింది. యుద్ధంలో పాల్గొనని దేశపు కూలీకి కూడా యుద్ధ నష్టానికి పరిహారం కోరే హక్కు ఉన్నదని ఆ విధంగా అంతర్జాతీయ వ్యవస్థ ఒకసారి అంగీకరించింది.

ఆ తర్వాతి కాలంలో ప్రమాదం తగ్గలేదు. 2015లో యెమెన్ యుద్ధం నుంచి నాలుగు వేలకు పైగా భారతీయులను తరలించవలసి వచ్చింది. 2022 జనవరి 17న అబుదాబిలోని ముసఫ్ఫా ప్రాంతంలో చమురు ట్యాంకర్ల మీద యెమెన్ సాయుధ బృందమైన హౌతీలు జరిపిన దాడిలో మరణించిన ముగ్గురిలో ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. యెమెన్ యుద్ధంతో వారిలో ఏ ఒక్కరికీ సంబంధం లేదు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య పన్నెండు రోజులు సాగిన యుద్ధంలో, 23వ తేదీన ఖతార్‌లోని అమెరికా వైమానిక స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు రాగా, ఖతార్, కువైట్, బహ్రెయిన్, యుఏఈ గగనతలాలు కొంతసేపు మూతపడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరు 9న ఇజ్రాయెల్ దోహా నగరం మీదనే దాడి చేసింది. సురక్షితమని నమ్మి అప్పు చేసి వెళ్లిన దేశాలు కూడా యుద్ధపు పరిధిలోకి వచ్చాయని ఈ సంఘటనలు చూపుతున్నాయి.

పరాయి దేశంలో చిక్కుకున్న కూలీకి, ఆ దేశ పౌరుడికి లేని మరొక ఇబ్బంది ఉంటుంది. కఫాలా అనే పద్ధతిలో కార్మికుడి నివాస అనుమతి ఒక యజమానికి, అంటే కఫీలుకు, ముడిపడి ఉంటుంది. కొన్ని దేశాలు ఈ పద్ధతిని సడలించినా, పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోవడం, అనుమతి లేనిదే పని వదలలేకపోవడం పూర్తిగా పోలేదు. బాంబు పడే చోటు నుంచి పారిపోవడం మనిషికి ఉన్న కనీసపు స్వేచ్ఛ కాగా, ఇటువంటి కార్మికుడికి అది కూడా ఇంకొకరి సంతకం మీద ఆధారపడుతుంది. చేసిన అప్పు తీరనిదే తిరిగిరాలేని స్థితి దీనికి తోడైనప్పుడు, యుద్ధ ప్రాంతంలో ఉండిపోవడం అతడి నిర్ణయమని చెప్పడం సత్యదూరం.

ఈ అన్యాయం ఈ తరంతో మొదలైనది కాదు. బర్మాలోని రంగూన్ రేవులో సరుకులు దించి, మిల్లులలో పనిచేసిన తెలుగు కూలీలు 1941 డిసెంబరు 23న జపాన్ విమానాల బాంబు దాడిని ఎదుర్కొన్నారు. తర్వాతి నెలలలో లక్షలాది మంది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశానికి బయలుదేరగా, ఆకలితో, కలరాతో, మలేరియాతో వేలాది మంది దారిలోనే రాలిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి జపాన్ సైన్యం తమిళ, తెలుగు కూలీలను తరలించి, థాయిలాండ్‌ను బర్మాతో కలిపే 415 కిలోమీటర్ల రైలుమార్గం పనిలో పెట్టింది. 1942, 1943 సంవత్సరాలలో ఆ పనిలో మరణించిన ఆసియా కూలీలు దాదాపు 90,000 మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. అక్కడే చనిపోయిన మిత్రరాజ్యాల సైనికులకు థాయిలాండ్‌లోని కాంచనబురిలో పేర్లు చెక్కిన సమాధులు ఉన్నాయి. ఈ కూలీలలో అత్యధికులకు సమాధి గాని, చెక్కిన పేరు గాని లేవు. యుద్ధం మనుషులను చంపడంతో ఆగక, చనిపోయినవారిలో స్మరణకు అర్హులెవరో కూడా నిర్ణయిస్తుందనడానికి ఇంతకు మించిన రుజువు అవసరం లేదు.

పై ఉదాహరణలలో యుద్ధం కూలీలను వెతుక్కుంటూ వచ్చింది. ప్రస్తుత కాలంలో కూలీలనే యుద్ధం దగ్గరికి పంపే పని మొదలైంది, సభ జోక్యం అవసరమైన చోటు ఇదే. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ జరిపిన దాడిలో దాదాపు 1,200 మంది మరణించిన తర్వాత, ఇజ్రాయెల్ తన నిర్మాణ రంగంలో పనిచేస్తున్న వేలాది పాలస్తీనీయుల అనుమతులను నిలిపివేసింది. ఆ ఖాళీలను భర్తీ చేయడానికి అదే ఏడాది నవంబరులో భారత్, ఇజ్రాయెల్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. ఉత్తరప్రదేశ్, హర్యానాల తర్వాత 2024 మే నెలలో హైదరాబాద్‌లో ఎంపికలు జరగగా, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్, జగిత్యాల జిల్లాల నుంచి వచ్చినవారితో కలిపి 900 మందికి పైగా నిర్మాణ కార్మికులు ఎంపికయ్యారు. ఈ ప్రక్రియలో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ, అంటే వాడుకలో టామ్‌కామ్, సహకరించింది. దానికి రెండు నెలల ముందే, మార్చి 4న, ఇజ్రాయెల్‌లో లెబనాన్ సరిహద్దు సమీపంలోని ఒక తోటలో క్షిపణి తగిలి కేరళ కార్మికుడొకరు మరణించిన సంగతి అందరికీ తెలిసినదే. మరోవైపు, ఇజ్రాయెల్ యుద్ధం సాగించిన గాజాలో మరణించినవారి సంఖ్య అక్కడి ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారం 2025 ఆగస్టు నాటికే 60,000 దాటింది.

నెలకు లక్షా ముప్పై వేల రూపాయలకు పైగా జీతం వస్తుందని తెలిసి, ప్రమాదాన్ని ఎరిగి, స్వచ్ఛందంగా వరుసలో నిలబడినవారిని ఆపడం ఎందుకని ప్రశ్న రావచ్చు. ఈ ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు; వెళ్లినవారిని తప్పుపట్టడం ఈ లేఖ ఉద్దేశం ఎంతమాత్రం కాదు. అయితే అప్పు వాకిట్లో నిలబడి ఉండగా ఇచ్చే సమ్మతికి, వేరే దారి ఉండగా ఇచ్చే సమ్మతికి తేడా ఉన్నది. మనిషి తన ప్రాణాన్ని పణంగా పెట్టుకోవడానికి, ప్రభుత్వం ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి, అతడి ప్రాణాన్ని పణంగా పెట్టించడానికి ఉన్న తేడా దానికన్నా పెద్దది. పైగా ఒక ప్రజను ఉపాధి నుంచి తొలగించిన చోట ఇంకొక దేశపు పేదలను నిలబెట్టడం వల్ల, యుద్ధం చేస్తున్న ప్రభుత్వానికి యుద్ధపు ఆర్థిక భారం తేలికవుతుంది. ఆ విధంగా తాపీ పట్టిన చేయి, తనకు తెలియకుండానే, యుద్ధాన్ని కొనసాగించే ఏర్పాటులో భాగమవుతుంది. 2023 నవంబరులోనే దేశంలోని కేంద్ర కార్మిక సంఘాలు ఈ కారణంతో ఆ ఒప్పందాన్ని వ్యతిరేకించాయి.

రక్షణల సంగతి కూడా గమనించాలి. తక్కువ చదువుకున్నవారు 18 దేశాలకు పనికి వెళ్లేటప్పుడు 1983 నాటి వలస చట్టం కింద ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి; అటువంటివారికి 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ఇజ్రాయెల్ గాని, రష్యా గాని ఆ 18 దేశాలలో లేవు. సహాయకుల ఉద్యోగాలని నమ్మి రష్యా వెళ్లి ఉక్రెయిన్ యుద్ధరంగంలో తేలిన భారతీయులు 126 మంది అని, వారిలో 12 మంది మరణించారని, 16 మంది ఆచూకీ తెలియలేదని విదేశాంగ శాఖ 2025 జనవరిలో ప్రకటించింది. మృతులలో హైదరాబాద్ యువకుడు ఒకరు ఉన్నారు. ప్రాణభయం ఎక్కువగా ఉన్న చోటే చట్టపు కాపు తక్కువగా ఉండడం, వలస చట్టం యుద్ధాన్ని లెక్కలోకి తీసుకోలేదనడానికి నిదర్శనం.

యుద్ధాన్ని వ్యతిరేకించే ప్రతి వాదానికీ ఎదురయ్యే బలమైన ఆక్షేపణ ఒకటున్నది: హింసించేవాడిని ఆపడానికి యుద్ధం తప్ప మార్గం లేనప్పుడు ఏమి చేయాలి? తెలంగాణలో ఈ ప్రశ్నకు 1948 ఉదాహరణగా నిలుస్తుంది. నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళమైన రజాకార్ల దౌర్జన్యం వాస్తవం. ఆ ఏడాది ఆగస్టులో నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోతను ఎవరూ కాదనలేరు. సెప్టెంబరు 13న ప్రవేశించిన భారత సైన్యం ఐదు రోజులలో నిజాం పాలనను ముగించడం ప్రజలకు విముక్తి కలిగించిందన్నదీ వాస్తవమే. అదే సమయంలో, నెహ్రూ ప్రభుత్వం నియమించిన పండిత్ సుందర్‌లాల్ బృందం, ఆ సైనిక చర్య జరిగిన రోజులలోనూ తర్వాతా, ముఖ్యంగా హైదరాబాద్ సంస్థానపు పశ్చిమ జిల్లాలలో, 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా వేసింది. మృతులలో అత్యధికులు రజాకార్లతో సంబంధం లేని సామాన్య ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. న్యాయమైన లక్ష్యంతో, అతి తక్కువ కాలంలో ముగిసిన చర్య కూడా నిరపరాధులను కాపాడలేకపోయినప్పుడు, ఏళ్ల తరబడి సాగే యుద్ధాలు కాపాడగలవని నమ్మడానికి ఆధారం లేదు.

దీని అర్థం దాడికి గురైనవారు చేతులు ముడుచుకొని కూర్చోవాలని కాదు. ఆత్మరక్షణ హక్కును 1945 నాటి ఐక్యరాజ్యసమితి అధికార పత్రం గుర్తించింది. ఉగ్రవాదులను పట్టుకొని శిక్షించడం ఏ రాజ్యానికైనా విధి. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలర్పించిన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్‌బాబు వంటివారి త్యాగం పట్ల గౌరవం, యుద్ధం పట్ల వ్యతిరేకత పరస్పర విరుద్ధాలు కావు. సైనికుడి ప్రాణానికి విలువ ఇచ్చేవారే దానిని ఖర్చు చేసే ముందు మిగిలిన దారులన్నీ వెతికారా అని పాలకులను నిలదీయాలి. నీతివేత్తలు న్యాయయుద్ధానికి పెట్టిన షరతులు, అంటే కారణం న్యాయంగా ఉండడం, అన్ని ఇతర మార్గాలు విఫలం కావడం, పోరాడేవారికి పోరాడనివారికి మధ్య తేడా పాటించడం, జరిగే కీడు పొందే మేలును మించకపోవడం అనేవాటిని నేటి యుద్ధాలకు నిజాయితీగా అన్వయించి చూస్తే, నగరాల మీద కురిసే క్షిపణులతో, డ్రోన్లతో నడిచే యుద్ధమేదీ ఆ పరీక్షలో నెగ్గడం దాదాపు అసంభవం.

భారత రాజ్యాంగం 51వ అధికరణ, అంతర్జాతీయ శాంతిని పెంపొందించాలని, వివాదాలను మధ్యవర్తిత్వంతో పరిష్కరించుకునేలా ప్రోత్సహించాలని రాజ్యాన్ని ఆదేశిస్తున్నది. ఆ అధికరణ ఉన్న నాలుగవ భాగంలో రాజ్యమనే మాట రాష్ట్ర ప్రభుత్వాలకు, శాసనసభలకు కూడా వర్తిస్తుంది. వలసలు, పాస్‌పోర్టులు కేంద్ర జాబితాలోని అంశాలైనా, రాష్ట్రం తన సొంత సంస్థను ఏ పనికి వాడాలి, తన ఖజానా నుంచి ఎవరిని ఆదుకోవాలి, తన బడులలో ఏమి నేర్పాలి అన్నవి సభ అధికారంలోనివే. అందువల్ల గౌరవ సభ ఈ క్రింది చర్యలు చేపట్టాలని ఈ లేఖ కోరుతున్నది.

మొదటిది, 51వ అధికరణను ఆధారం చేసుకొని, యుద్ధాన్ని వివాద పరిష్కార మార్గంగా నిరాకరిస్తూ, పౌరులపై దాడులు ఏ పక్షం చేసినా ఖండిస్తూ సభ తీర్మానం ఆమోదించాలి. రెండవది, సాయుధ ఘర్షణ నడుస్తున్న దేశాలకు టామ్‌కామ్ ద్వారా గాని, రాష్ట్ర సహకారంతో గాని నియామకాలు జరపరాదని ఉత్తర్వు వెలువడాలి. అదే సమయంలో ఆ అవకాశం కోల్పోయేవారికి సురక్షిత దేశాలలోనూ, సొంత జిల్లాలలోనూ పని చూపాలి, లేకపోతే ఈ నిషేధం పేదవారి మీద మరొక శిక్షగా మారుతుంది. మూడవది, గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు రాష్ట్రం ప్రకటించిన 5 లక్షల రూపాయల సాయాన్ని, ఏ దేశంలోనైనా యుద్ధం వల్ల మరణించిన, అంగవైకల్యం పొందిన, ఉపాధి కోల్పోయి తిరిగివచ్చిన కార్మికులందరికీ చట్టబద్ధమైన హక్కుగా విస్తరించాలి. నాలుగవది, ఇజ్రాయెల్, రష్యా వంటి దేశాలకు వలస చట్టపు రక్షణలను, బీమాను వర్తింపజేయాలని, యుద్ధ నష్టాలకు 1991 తరహా పరిహార వ్యవస్థ కోసం ఐక్యరాజ్యసమితిలో పట్టుబట్టాలని కేంద్రాన్ని కోరాలి. ఐదవది, ఎవరు ఏ దేశంలో ఉన్నారో ఆపద వేళ వెంటనే తెలిసేలా మండల స్థాయిలో వలస కార్మికుల నమోదును నిర్వహించాలి. ఆరవది, యుద్ధాలను గెలుపోటముల వరుసగా నేర్పే చరిత్ర పాఠాలలో ఎర్రగుడి శాసనానికి, బర్మా కాలిబాటకు, కువైట్ నుంచి తిరిగివచ్చిన కూలీలకు చోటు కల్పించాలి.

ఈ చర్యలు ప్రపంచంలో ఏ యుద్ధాన్నీ ఒక్కసారిగా ఆపలేవన్నది నిజమే. కానీ యుద్ధాలు సాగడానికి తుపాకులు ఎంత అవసరమో, వాటి వెనుక పనిచేసే చేతులు, వాటిని చూసి మౌనం వహించే ప్రభుత్వాలు కూడా అంతే అవసరం. ఆ మౌనాన్ని వీడడం, ఆ చేతులను అప్పుల బలవంతంతో అక్కడికి పంపకుండా ఉండడం తెలంగాణ శాసనసభకు సాధ్యమైన పనులు. సాధ్యమైన మంచిని చేయకపోవడానికి, మొత్తం లోకాన్ని మార్చలేమన్నది సాకు కాజాలదు. తెలంగాణ పల్లెల కష్టార్జితం మీద, కన్నీటి మీద ఏర్పడిన ఈ రాష్ట్రపు సభ, రాబోయే సమావేశాలలోనే ఈ విషయాన్ని చర్చకు స్వీకరించి, పార్టీల భేదం లేకుండా నిర్ణయం తీసుకోవాలని బీబీపేట నుంచి ఈ లేఖ సవినయంగా, దృఢంగా కోరుతున్నది.